రెక్కలున్నవి ఆయనవి

ఫ్లాస్కులోకి కాఫీ వంచి మూత బిగించేసరికే రాధాకృష్ణ మెట్లు దిగిపోయాడు. వసుమతి వంటింటి కిటికీలోంచి తొంగిచూసింది. కారుకు అవతలి తలుపు పక్కన, చేతులు చంకల్లో పెట్టుకుని నిలబడి ఉన్నాడు. తాళాలు ఆమె సంచిలో ఉన్న సంగతి ఆయనకు తెలుసు. అయినా ముందుగా వెళ్ళి చలిలో నిలబడితే ఆమె జాలిపడి తొందరగా వస్తుందని ఆయన ఎత్తు. తాళాలు ఆమె చేతికి వచ్చిన దగ్గర్నుంచీ ఆ ఎత్తు ఒక్కసారి కూడా పారలేదు. వసుమతి తీరుబడిగా స్వెట్టరు మీద కోటు తొడుక్కుని, కోటు మీద శాలువా కప్పుకుని, తలుపు పక్కన మేకుకు వేలాడుతున్న నారింజరంగు ఊలు టోపీలు రెండూ తీసుకుని దిగింది.

ఆ టోపీలకు ఒక కథ ఉంది. వేట రోజుల్లో అడవి పక్కకు వెళ్ళేవాళ్ళు ఆ రంగు పెట్టుకోకపోతే జింకలనుకుని కాల్చే ప్రమాదముందని రాధాకృష్ణ ఎక్కడో బోర్డు మీద చదివాడు. ఆ సాయంత్రమే రెండు టోపీలు కొనుక్కొచ్చాడు. "కాషాయం ఇచ్చేశారు, ఇంకేం, కాశీకి కూడా తోలుకెళ్ళండి" అంది ఆమె అప్పట్లో. అన్నదే గాని, ఆ తర్వాత ఏ శీతకాలమూ టోపీ మర్చిపోలేదు.

శనివారం పొద్దున్న పార్సిప్పనీలో వాళ్ళ అపార్ట్‌మెంట్ల మధ్య మనిషి అలికిడి ఉండదు. వారమంతా కంప్యూటర్లతో కుస్తీపట్టిన కుర్రాళ్ళు మధ్యాహ్నం దాకా దుప్పటి తీయరు. మంచు తోసే బండి ఒక్కటే మూలుగుతూ తిరుగుతోంది. వసుమతి కారు తీసి, ఊరు దాటించి, పెద్దరోడ్డు ఎక్కించి పడమటికి పోనిచ్చింది.

నిరుటి శీతకాలం దాకా స్టీరింగు ఆయనది. ఉద్యోగం మానేసిన నెలలోనే తాళాలు ఆమె చేతిలో పెట్టి, "ఇన్నేళ్ళు నేను తిప్పాను, ఇక నువ్వు తిప్పు" అన్నాడు. ఉద్యోగం మానటమూ అలాగే జరిగింది. రోడ్ల కింద నీళ్ళు పోయే తూములకు పటాలు గీసే ఆఫీసు అది. చేరిననాడు ఇచ్చిన బల్ల దగ్గరే జుట్టు నెరిసింది. పెన్సిలూ స్కేలూ పోయి కంప్యూటరు వచ్చినప్పుడు, తనకంటే చిన్నవాళ్ళ పక్కన కూర్చుని అదీ నేర్చుకున్నాడు. ప్రమోషన్ ఆయన అడగలేదు, వాళ్ళూ ఇవ్వలేదు. తాము దాటుతున్న రోడ్డు కింద తూము ఉందని ఏ కారువాడికీ తెలియదనీ, తెలియలేదంటే ఆ పని సరిగ్గా జరిగినట్టేననీ చెప్పి తృప్తిగా నవ్వుకునేవాడు. అలాంటివాడు ఒక సాయంత్రం ఇంటికొచ్చి, పాలు తేవటం మర్చిపోయానన్నంత తేలిగ్గా, "మానేశాను" అన్నాడు. వసుమతికి ఒళ్ళు మండింది. "ఇంట్లో కూర్చుని ఏం చేస్తారు? నా మొహం చూస్తూ కూర్చుంటారా?" అంది.

అప్పట్నుంచీ ఆయన ఆమె మొహం చూడటం మానేశాడు.

కోపంతో కాదు. మాట్లాడతాడు, నవ్వుతాడు, పులుసులో ఉప్పు తగ్గిందంటాడు. కాని ఆ మాటలన్నీ ఆమె చెవి పక్కనున్న గోడకో, వెనకనున్న ఫ్రిజ్జుకో చెబుతాడు. ఆమె మొహం పక్కకు జరిపి ఆయన చూపుకు ఎదురెళితే, ఆ చూపు మళ్ళీ జారి ఇంకో గోడ వెతుక్కుంటుంది. వసుమతి స్కూలు క్యాంటీన్‌లో వడ్డించే పని చేస్తుంది. నెత్తికి వలటోపీ, చేతికి గరిటె. పిల్లలంతా బుద్ధిగా ఆమె కళ్ళలోకి చూసి "నో బీన్స్, ప్లీజ్" అంటారు. బీన్స్ వద్దనేవాళ్ళకున్నపాటి మర్యాద కట్టుకున్నవాడికి లేకపోయిందని ఆమె బాధ. ఎవరితో చెప్పుకుంటుంది? తాగుతాడా, తిడతాడా? మొహం చూడడమ్మా అంటే వినేవాళ్ళు నవ్వుతారు. ఆ ఒక్కమాట అన్నందుకు ఇంత శిక్షా అని రాత్రిళ్ళు కుమిలింది, అడగటానికి మాత్రం నోరు రాలేదు. అడిగాక ఆయన అవునంటే ఏం చెయ్యాలో ఆమెకు తెలియదు.

కారులో ఫోను మోగింది. కూతురు అనురాధ. ప్లేనోలో ఉంటుంది, శనివారం పొద్దున్నే ఫోను చేసి ఇద్దర్నీ మందలించటం దాని అలవాటు.

"అమ్మా, మళ్ళీ వాక్‌కి వెళ్తున్నారా? ఇట్స్ ఫ్రీజింగ్ దేర్!"

"ఎండ వచ్చిందే, అనూ."

"నాన్న ఉన్నాడా? నాన్నా, లాస్ట్ సండే స్కైప్‌లో మొత్తం నువ్వు సైడ్‌కి చూశావు. కెమెరాలో చూడవు. ఆర్ యూ గైస్ ఫైటింగ్?"

 వసుమతి రోడ్డు వంక మరీ శ్రద్ధగా చూసింది.

"ప్లేనో వచ్చేయండి నాన్నా. కింద రూమ్ రెడీ చేశాను. ఇక్కడ స్నో కూడా లేదు."

"స్నో లేకపోతే అడుగుజాడలు ఎలా కనపడతాయే?" అన్నాడు రాధాకృష్ణ అద్దంలోంచి పక్కనున్న పొలాల్ని చూస్తూ. "మీ అమ్మ జింకల్ని ఎక్కడ వెతుక్కోవాలి?"

శనివారాల్లో వాళ్ళు నడిచేది ఎప్పుడో రైళ్ళు నడిచి ఆగిపోయిన దారి. పట్టాలు పీకేసి కాలిబాట చేశారు. ఒక పక్క కోసేసిన మొక్కజొన్న చేను, ఇంకో పక్క ఏరు. శాండీ తుఫానుకు పడిన చెట్లను రంపంతో కోసి బాటకు అటూ ఇటూ దొర్లించి పెట్టారు. మంచు మీద కాలు పెడితే అప్పడం విరిగినట్టు చప్పుడవుతోంది.

వాళ్ళిద్దరికీ ఇక్కడ ఒక పంపకం ఉంది. రెక్కలున్నవి ఆయనవి, కాళ్ళున్నవి ఆమెవి. ఆయనది ఆకివీడు, కొల్లేటి కొంగల్ని చూస్తూ పెరిగినవాడు, కాబట్టి ఆకాశం మీద హక్కు తనదన్నాడు. మరి పిట్టలకూ కాళ్ళుంటాయి కదా అని భీమవరం బుర్రతో ఆమె లా పాయింటు తీసింది. చాలాకాలం వాదించుకుని, ఎగిరేవన్నీ ఆయనకు, ఎగరలేనివి ఆమెకు అని రాజీపడ్డారు. అడవికోళ్ళ దగ్గర ఇప్పటికీ తగువే. అవి నడుచుకుంటూ వస్తాయి, బెదిరిస్తే ఎగురుతాయి. అవి ఉమ్మడి ఆస్తి. ఎవరికి తక్కువ కనపడితే వాళ్ళు సాయంత్రం ఉప్మా చెయ్యాలి. ఆయన ఉప్మాలో ఉండలు కడతాయి కాబట్టి ఆయన గెలవటమే ఇద్దరికీ క్షేమం.

బాట మొదట్లోనే ఉడుత కనిపించింది. బూడిదరంగు, వీపు మీద ఒక్క గీత లేదు.

"నాది" అంది వసుమతి. "రాముడు నిమరలేదు పాపం దీన్ని."

"రాముడు ఇంత దూరం రాలేదోయ్. వచ్చినా ఈ చలికి చెయ్యి జేబులోంచి తీసేవాడు కాదు."

మునుపైతే ఈపాటికి ఆయన పదడుగులు ముందుండేవాడు. "అదుగో నీలంపిట్ట, అదుగో వడ్రంగిపిట్ట" అని కేకలు, కాళ్ళ కింద ఏముందో చూసుకోకుండా నడక. ఇప్పుడు బైనాక్యులర్ మెడలో పతకంలా ఊగుతుంది గాని కళ్ళ దగ్గరికి పోదు. ఆమె అడుగులో అడుగు వేసుకుంటూ పక్కనే నడుస్తాడు. ఆటమీద కూడా మనసు విరిగిందని వసుమతి అనుకుంది. ఆట పోతే శనివారం పోతుంది, శనివారం పోతే ఇద్దరి మధ్యా గోడలే మిగులుతాయి. అందుకే తన కంటపడ్డ పిట్టల్ని ఆయనకు దానం చేస్తోంది.

"ఏవండీ, ఆ కొమ్మ మీద ఎర్రగా మీదేదో ఉంది."

ఆయన తల వంచి విన్నాడు. పొదలోంచి చిల్లరపైసా రాయి మీద పడ్డట్టు టిక్ టిక్‌మంది. "కార్డినల్. మగది. ఆడదీ దగ్గర్లోనే ఉంటుంది, వెతుకు."

వెతికితే ఉంది. మట్టిరంగులో, ముక్కు మాత్రం ఎర్రగా, మొగుడికి కాస్త ఎడంగా కూర్చుని. వసుమతికి నవ్వూ వచ్చింది, ఏడుపూ వచ్చింది. మగపక్షి ఒక గింజ తెచ్చి ఆడదాని ముక్కుకు అందిస్తుందని ఆయనే చెప్పాడొకప్పుడు. ఇప్పుడు మాత్రం అది ముళ్ళపొదలో తన గింజ తనే తింటోంది.

చేను చివర నక్క కనిపించింది. ఎర్రటి ఒళ్ళు, దాని ఒంటికి మించిన తోక. మంచు కింద ఎలుక చప్పుడు విన్నదేమో, చెవులు నిక్కించి, ఒక్కసారి పైకెగిరి మూతి మంచులో గుచ్చింది. తోకా వెనక కాళ్ళూ మాత్రమే పైకి మిగిలాయి. వసుమతి పకపకా నవ్వింది. ఆయన్ను నిలబెట్టి జరిగిందంతా చెప్పింది.

"ఇవాళ నక్క తోక తొక్కావన్నమాట" అన్నాడు చేనుకు అవతలి కంచె వైపు చూస్తూ.

నక్క ఇటుంటే ఆయన చూపు అటుంది. చూడాలని కూడా లేదు ఈ మనిషికి అనుకుంది ఆమె.

బాట కొంచెం ఎగువకెక్కి ఏటి మీద పాత ఇనుప వంతెన చేరుతుంది. ఆ ఎగువలో ఆయన రెండుసార్లు ఆగాడు. ఎడమ భుజం రుద్దుకుంటూ, "చలి పట్టేసింది" అన్నాడు. వంతెన మధ్య ఇద్దరూ కడ్డీని ఆనుకుని కాఫీ పంచుకున్నారు. ఏరు అంచుల్లో గడ్డకట్టి నడుమ నల్లగా పారుతోంది.

అప్పుడు కనిపించింది ఆమెకు. వంపు అవతలి పెద్ద చెట్టు మీంచి లేచి, రెక్కలు ఆడించకుండా ఏటి మీదకు వచ్చింది. తెల్లటి తల, ముదురు గోధుమరంగు రెక్కలు.

"గరుత్మంతుడండీ!"

మొదటిసారి దాన్ని చూసినప్పుడు కూడా వసుమతి అలాగే అంది. భీమవరంలో వాళ్ళ వీధిలో గరుడపక్షి తిరిగితే చేతిలో పనులు వదిలి చెంపలు వేసుకునేవాళ్ళు. ఇక్కడ రోడ్డు పక్కన నిలబడి ఆమె చెంపలు వేసుకుంటుంటే పార్కు ఉద్యోగి ఒకడు పరుగెత్తుకొచ్చి, ఏం కుట్టిందని అడిగాడు. ఇది గరుడపక్షి కాదు, ఇది వేరే, వీళ్ళ డాలరు నోటు మీదుండే డేగ అని రాధాకృష్ణ ఎంత చెప్పినా ఆమె ఒప్పుకోలేదు. తెల్ల తల, ముదురు రెక్క, అది గరుత్మంతుడే. విష్ణుమూర్తి వాహనానికి వీసా కావాలా అంది. తర్వాత్తర్వాత వాదించలేక ఆయనా చెంపలు వేసుకోవటం మొదలుపెట్టాడు. కిందటి శీతకాలం ఒక్కసారి కూడా అది దర్శనమివ్వలేదు. తన నోటిదురుసుకు దేవుడు కూడా మొహం చాటేశాడని ఆమె అనుకుంది.

ఇప్పుడు రెండు చేతులూ చెంపల మీదకు వెళ్ళాయి. పక్కకు చూసింది. రాధాకృష్ణ కూడా చెంపలు వేసుకుంటున్నాడు, ఏటికి కాస్త కుడిగా, ఏమీ లేని ఉత్త ఆకాశం వైపు చూస్తూ. పక్షి దానికి ఎడమ పక్కనుంది.

వసుమతి ఏడాదిగా దాచుకున్నది ఇక దాచలేకపోయింది.

"నన్ను చూడకపోతే మానె. దేవుణ్ణి కూడా చూడరా? అటు కాదండీ, ఇటు!"

"చూస్తూనే ఉన్నానోయ్" అన్నాడాయన, చూపు తిప్పకుండా. "కిందికి దిగుతోంది. కాళ్ళు చాపింది. అదుగో, పట్టింది, చేప కొట్టుకుంటోంది. లేచింది."

వసుమతి గిరుక్కున ఏటి వైపు తిరిగింది. నిజమే. పక్షి నీళ్ళ మీంచి లేస్తోంది, కాళ్ళ మధ్య వెండిలా ఏదో మెలికలు తిరుగుతోంది. ఆ పెద్ద చెట్టు మీదకే వెళ్ళి వాలింది.

"అటు చూస్తూ ఇటుదెలా కనపడింది?"

ఆయన ఫ్లాస్కు మూతలో మిగిలిన కాఫీ తాగి, మూత దులిపి, నెమ్మదిగా బిగించాడు.

"సూటిగా చూస్తే కనపడదు. కంటికి నడిమధ్య మసక. ఎక్కడ చూస్తే అక్కడే ఆ మసక. దేన్ని చూడాలో దాని పక్కదాన్ని చూడాలి, అప్పుడు అది కనిపిస్తుంది."

"ఎప్పట్నుంచి?"

"ఆఫీసులో ఒకరోజు తూము గీస్తున్నాను. గీత మధ్యలో వంకర తిరిగింది. చెరిపి మళ్ళీ గీశాను, మళ్ళీ వంకరే. పక్కబల్ల వాణ్ణి పిలిచి చూపిస్తే, స్ట్రెయిట్‌గానే ఉంది కదా అన్నాడు. బస్సులో వెళ్ళి కంటి డాక్టరుకు చూపించుకున్నాను. ముసలితనంలో కొందరికి వస్తుందట. దీనికి మందు లేదన్నాడు. తూము వంకరగా గీస్తే రోడ్డు కుంగుతుంది వసూ. అందుకే మానేశాను."

"నాకెందుకు చెప్పలేదు?"

"నీ నోట్లో నువ్వుగింజ నానుతుందా? పొద్దున చెబితే సాయంత్రానికి ప్లేనో చేరుతుంది. మర్నాడే మీ అమ్మాయి దిగి ఇద్దర్నీ పెట్టెల్లో సర్దేస్తుంది. ఎలాగూ మందు లేదు. ఉన్న ఈ శనివారాలు కూడా పోవటం ఎందుకు?"

ఆమె కడ్డీ పట్టుకుంది.

"నేనేమో... ఆరోజు అలా అన్నానని నా మొహం చూడటం మానేశారనుకున్నాను. ఏడాదిగా అదే అనుకుంటున్నానండీ."

రాధాకృష్ణ నిజంగా ఆశ్చర్యపోయాడు. ఏం మాట అన్నదో ఆయనకు గుర్తే లేదు. గుర్తులేని మాటకు ఆమె ఏడాది పొడుగునా బాధపడిందని ఇప్పుడు తెలిసింది. తర్వాత ఆమె భుజాలు పట్టుకుని ఎదురుగా నిలబెట్టి, ఆమె చెవి పక్కన ఏటి వైపు చూశాడు.

"దీపావళి నుంచి జుట్టుకు రంగు వెయ్యటం మానేశావు. టోపీ కింద తెల్లగా మెరుస్తోంది. ఎప్పుడు చెబుతావా అని చూస్తున్నాను."

ఎవరూ గమనించలేదనుకున్న సంగతది. వసుమతి శాలువా చెంగుతో మొహం తుడుచుకుంది, ముక్కు చీదింది, ఆ పైన నవ్వింది. "ఈ వయసులో పక్కచూపులు నేర్చారు" అంది. ఆయన కూడా నవ్వాడు, ఆమె చెవి పక్కనున్న ఏటితో. మొదటిసారి ఆ నవ్వు తనకేనని ఆమెకు తెలిసింది. సంతోషం పట్టలేక, వంతెన దిగేదాకా ఆయన చెయ్యి వదల్లేదు.

సాయంత్రం ఉప్మా ఎవరు చెయ్యాలన్నది తేలలేదు. ఉడుతా నక్కా ఆమెవి, కార్డినలూ డేగా ఆయనవి. ఇద్దరూ కలిసి చేశారు. ఆమె రవ్వ పోసింది, ఆయన కలిపాడు. ఉండలు కట్టింది. ఉండలతో సహా తిన్నారు.

తినేశాక రాధాకృష్ణ కిటికీ పక్కనున్న వాలుకుర్చీలో కూర్చున్నాడు. కళ్ళద్దాలు తీసి, "ఇవి పెట్టుకున్నా ఒకటే, తీసినా ఒకటే" అని కిటికీ గట్టు మీద పెట్టాడు. వసుమతి ఎదురు కుర్చీలో కూర్చుని ఒళ్ళో పళ్ళెం పెట్టుకుంది. ఆదివారానికి చిక్కుడుకాయలు తుంచుతూ మాటలు మొదలుపెట్టింది. ఆయన మొహం ఆమె పక్కనున్న దీపపు స్తంభం వైపు తిరిగి ఉంది. ఇదివరకైతే ఆ దీపాన్ని చూసి మండిపడేది. ఇప్పుడు ఆ చూపు ఎవరిదో తెలుసు. మొహం తుడుచుకుని, జుట్టు చెవి వెనక్కి సర్దుకుని కూర్చుంది.

"అనూకు చెప్పనులెండి. నువ్వుగింజ నానబెడతాను. ఎండలొచ్చేదాకా నానబెడతాను, ఆపైన నా వల్ల కాదు."

బయట వెలుతురు తగ్గింది. కింద ఎవరో కారు మీద మంచు గీకుతున్నారు. ఆమె ఏడాదిగా చెప్పనివన్నీ చెప్పింది. క్యాంటీన్‌లో కొత్తగా చేరిన కావ్యశ్రీకి గరిటె పట్టుకోవటం రాదని చెప్పింది. గోడల మీద కోపంతో పోయిన వేసవిలో ఫోటోలన్నీ స్థానాలు మార్చానని చెప్పింది. ఇకమీద పిట్టలన్నిటినీ తను చూసి చెబుతుందట, అవి ఆయన ఖాతాలోకే వెళతాయట, జింకలు మాత్రం ఇవ్వదట. ఆయన ఊఁ కొట్టలేదు. వింటున్నాడనుకుంది. తనవైపే చూస్తున్నాడనుకుంది. ఆ చూపు చాలనిపించి, ఇంకా చెప్పింది.

చిక్కుడుకాయలు అయిపోయాక పళ్ళెం దించి, "కాఫీ పెట్టనా?" అని అడిగింది. మళ్ళీ అడిగింది. లేచి వెళ్ళి చేతిమీద చెయ్యి వేసింది. మొహం ఇంకా దీపం వైపే ఉంది, ప్రశాంతంగా, మంచి మాట ఏదో వింటున్నట్టే. వసుమతి చాలాసేపు ఆ చెయ్యి పట్టుకుని నేలమీద కూర్చుండిపోయింది. తర్వాత ప్లేనోకి ఫోను చేసింది.

అనురాధ వచ్చింది, కర్మలు జరిపించింది, పెట్టెలు తెరిచి సర్దటం మొదలుపెట్టింది. కోట్లూ, బూట్లూ, బైనాక్యులర్ అన్నీ తియ్యనిచ్చింది వసుమతి. కిటికీ గట్టు జోలికి మాత్రం వెళ్ళనివ్వలేదు. "వేసవి దాకా నన్నిక్కడే ఉండనీవే, పిట్టల్ని చూసి చెబుతానన్నాను" అంది. ఎవరికి అన్నదో కూతురు అడగలేదు.

శనివారం ఒక్కతే కారు తీసుకుని వెళ్ళింది. నారింజ టోపీ ఒకటి పెట్టుకుంది, రెండోది సంచిలో పెట్టుకుంది. కింద జింక అడుగులు చూసింది, పైన కొమ్మలు చూసింది. పిట్టల పేర్లు చాలావరకు తెలియలేదు. తెలియనివాటికి కూడా "మీదే" అని పైకే చెప్పుకుంటూ నడిచింది. వంతెన మీద ఉన్నంతసేపూ గరుత్మంతుడు రాలేదు.

ఇంటికొచ్చి, కాఫీ కలుపుకుని, తన కుర్చీలో కూర్చుంది. ఎదురుగా కిటికీ గట్టు మీద ఆయన కళ్ళద్దాలు పెట్టినవి పెట్టినట్టే ఉన్నాయి, ఆమెకు సూటిగా కాకుండా, కాస్త పక్కకు తిరిగి.